త్రాటి వెల, వాటా వెల

షేర్లపై వచ్చిన లాభము కాయకపు ఫలమా? ఆ ధనముతో చేసినది దాసోహమగునా?

ఈ ప్రశ్న నన్నడిగినది ఒక యువకుడు. గడచిన శ్రావణమాసమున సికింద్రాబాదులో మా బంధువుల యింట లింగపూజానంతరము ప్రసాదమునకు కూర్చుండగా, ఆ యింటి మనుమడు తన సంకల్పమును బయటపెట్టినాడు. అతడు సాఫ్టువేరు ఉద్యోగి. నెలనెలా జీతములో కొంత షేర్లలో పెట్టుచున్నాడట. ఈ యేడు వచ్చిన లాభములో పదవ వంతు మఠములోని అన్నదాసోహమునకు సమర్పింపవలెనని అతని కోరిక. వెంటనే అతని నాయనమ్మ, "చెమట పట్టని రూక జంగమునకెందుకురా నాయనా!" అని అడ్డుపడినది. "తాతగారూ, మీరు నలువది యేండ్లు జనరల్ బజారులో లెక్కలు వ్రాసినవారు. మీరే చెప్పండి" అని అతడు నావైపు తిరిగెను.

"ఇంటి అద్దె తీసికొనుట తప్పు కానప్పుడు షేరుపై లాభము తప్పెట్లగును? నిశ్చింతగా ఇవ్వు నాయనా" అని నేను తొందరపడి చెప్పితిని. అందరును తృప్తిపడిరి, నేను తప్ప. ఇంటికి వచ్చి పెట్టె తెరచి, అడుగున ఉన్న ఒక పాత రసీదును తీసి చూచుకొంటిని. దాని కథ తరువాత చెప్పెదను. ఆనాడు ఆ పిల్లవానికి చెప్పవలసియుండిన సమాధానమును ఇప్పుడు వ్రాయుచున్నాను.

మన పెద్దలలో పలువురు షేర్ల బజారనగానే జూదమని ముఖము త్రిప్పుకొందురు. నేనట్లనుకొనను. వాటా యనగా ఒక వ్యాపారములో భాగము. పదిమంది తలా కొంత వేసి మగ్గములశాల పెట్టినచో, నేసినవానికి కూలి, అప్పిచ్చినవానికి వడ్డీ, ప్రభుత్వమునకు పన్ను పోగా మిగిలినది వాటాదారులది. మగ్గము ఆడకున్న వారికేమియు రాదు. నష్టమునకు సిద్ధపడి మరియొకరి కాయకమునకు పనిముట్టు సమకూర్చినవాడు ఆ ఫలములో భాగము గైకొనుట అధర్మమని ఏ శరణుడును చెప్పినట్లు నేనెరుగను. లాభాంశమును గూర్చి నాయనమ్మగారికి కలిగిన సందేహము ఇంతటితో తీరవలెను.

అయితే ఇందులో ఒక మెలిక కలదు. కంపెనీ క్రొత్తగా వాటాలు అమ్మునప్పుడు మాత్రమే మన ధనము కంపెనీకి చేరును. ఆ తరువాత బజారులో మనము కొనునది మరియొకరి వాటాను. మనమిచ్చిన రూపాయి ఆ అమ్మినవాని జేబులోనికి పోవునే గాని, దానితో మగ్గమునకు ఒక్క నూలుపోగైనను రాదు. ప్రతిదినము జరుగు క్రయవిక్రయములలో అధికభాగము ఇట్టిదే. అది మనకును కంపెనీకిని నడుమ జరుగు వ్యవహారము కాదు. ఒకరి ముఖమొకరు చూడని ఇద్దరు మనుష్యుల నడుమ జరుగునది. ధర్మప్రశ్న పుట్టునది అక్కడనే.

వాటా వెల ఎంత ఉండవలెను? ఇది పైకి లెక్కల ప్రశ్న. జనరల్ బజారులోని ఒక మలిగెను తీసికొందము. నెలకు పదివేల అద్దె వచ్చుననుకొనుడు. ఏటికి లక్షా యిరువదివేలు. పన్నులు, మరమ్మతులు, ఖాళీగా ఉన్న దినములు పోగా లక్ష మిగులును. ఏ శ్రమయు లేక బ్యాంకులో నూటికి ఏడు రూపాయలు వచ్చుచున్నచో, లక్ష వడ్డీ రావలెనన్న రమారమి పదునాలుగు లక్షలు ఉంచవలెను. కావున ఆ మలిగెకు పదునాలుగు లక్షల చుట్టుప్రక్కల వెల కట్టుట న్యాయము. అద్దె పెరుగునన్న నమ్మకమున్నవాడు పదునెనిమిది పెట్టును. వీధి పాతబడుచున్నదని తలచువాడు పండ్రెండుకు మించడు. ఎవరి చూపు వారిది. కాని అరువది లక్షలు పెట్టువాడు అద్దెను కొనుట లేదు. రేపు డెబ్బది లక్షలిచ్చు మరియొకడు రాకపోడన్న ఆశను కొనుచున్నాడు.

షేరు లెక్కయు ఇంతే. ఒక్కొక్క వాటాకు ఏటికి ఎంత లాభము నిలుచుచున్నది, అది ఎన్నాళ్ళు నిలుచును, ఎంత పెరుగును, అప్పులెన్ని, చేతిలో నగదెంత అని చూచి వెల కట్టవలెను. 1929 నాటి అమెరికా పతనములో తానును దెబ్బతిన్న బెంజమిన్ గ్రాహము అను ఉపాధ్యాయుడు, 1934లో డేవిడ్ డాడ్‌తో కలసి ఈ విషయముపై ఒక ఉద్గ్రంథము వ్రాసెను. 1949లో సామాన్యులకై మరియొక పుస్తకము వ్రాసెను. లెక్క కట్టి, ఆ లెక్క తప్పవచ్చునని తలచి, దానికంటె బాగుగా తక్కువకు దొరికిననే కొనవలెనని ఆయన బోధించెను. ఇది మనకు క్రొత్త శాస్త్రమేమియు కాదు. సంతలో పాడిగేదెను కొనువాడు పాలు పితికించి చూచి, అమ్మువాడు చెప్పిన సేర్లలో ఒకటి తగ్గించుకొని బేరమాడును గదా.

బేరము తెలిసినవారును మోసపోయిన కాలములున్నవి. 1992లో బొంబాయిలో హర్షద్ మెహతా ప్రాభవమున ఏ.సి.సి. సిమెంటు కంపెనీ షేరు కొన్ని వందల రూపాయలనుండి తొమ్మిదివేల దరిదాపులకు ఎగబ్రాకినది. అట్టి కర్మాగారమును నేడు క్రొత్తగా కట్టుటకు ఎంత ఖర్చగునో దానినిబట్టి షేరుకు విలువ కట్టవలెనని అప్పుడొక వాదము లేచినది. కర్మాగారము మారలేదు, సిమెంటు మారలేదు. కొనువారి తహతహ మాత్రము మారినది.

అయినను అక్కడ కర్మాగారమైనను ఉన్నది. మన ఊరిలో జరిగినది అంతకంటె లోతైన విషయము.

1987లో సికింద్రాబాదు పి. అండ్ టి. కాలనీలో కొద్దిమందితో మొదలై, తరువాత సర్దార్ పటేల్ రోడ్డులోని మేఫెయిర్ సెంటరు చిరునామాగా పెరిగిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ పేరు తెలియని ఇల్లు ఈ జంటనగరములలో లేకుండెను. 2001లో దాని వాటాలు న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కినవి. 2008 నాటికి ఏబదివేలమందికి పైగా ఉద్యోగులు. ఆ సంవత్సరమే దాని షేరు ఐదువందల రూపాయలు దాటినది. ఆ సంవత్సరమే సంస్థల సత్పరిపాలనకై ఇచ్చు గోల్డెన్ పీకాక్ పురస్కారమును అందుకొన్నది. అల్లుడు సత్యములో పనిచేయుచున్నాడని చెప్పుకొనుట ఒక గౌరవముగా ఉండెను.

2008 డిసెంబరు 16న ఆ కంపెనీ, తన అధ్యక్షుడు బి. రామలింగరాజు కుటుంబమునకు చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా అను రెండు సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొనబోవుచున్నట్లు ప్రకటించినది. పేరుపొందిన పండితులున్న డైరెక్టర్ల బోర్డు దానికి తల ఊపినది. సాఫ్టువేరు కంపెనీకి భూములేల అని వాటాదారులు గగ్గోలు పెట్టగా, కొన్ని గంటలలోనే ఆ ప్రయత్నము విరమింపబడినది. మూడు వారములు గడచినవి. 2009 జనవరి 7న రామలింగరాజు బోర్డునకు ఒక లేఖ వ్రాసెను.

నలువది యేండ్లు చిట్టా ఆవర్జాలతో గడపినవాడను గనుక ఆ లేఖలోని అంకెలను అనేకసార్లు చదివితిని. సెప్టెంబరు నెలాఖరు లెక్కలలో నగదు, బ్యాంకు నిలువ రూ. 5,361 కోట్లుగా చూపబడినది, అందులో రూ. 5,040 కోట్లు లేనే లేవు. రాని వడ్డీ రూ. 376 కోట్లు వచ్చినట్లు వ్రాయబడినది. రూ. 1,230 కోట్ల బాకీ చూపబడలేదు. ఆ మూడు నెలల నిర్వహణ లాభము రూ. 649 కోట్లని ప్రకటింపబడగా, నిజమునకు వచ్చినది రూ. 61 కోట్లు. మొదట స్వల్పముగా ఉన్న తేడా సంవత్సరముల తరబడి పెరుగుచు వచ్చినదనియు, అది పులిమీద స్వారివంటిదై దిగుటకు వీలులేకపోయెననియు ఆయన వ్రాసికొనెను. మేటాస్ భూములను కొనుటకు జరిగిన ప్రయత్నము, లేని ఆస్తి స్థానమున ఉన్న ఆస్తిని పెట్టుటకు చేసిన చివరి యత్నమట. ముందునాడు 179 రూపాయలున్న షేరు ఆ సాయంకాలమునకు 40 రూపాయలకు పడిపోయినది.

ఇందులో మన ప్రశ్నకు సంబంధించిన సంగతి ఒకటి కలదు. ఆ కంపెనీకి అప్పుడు సుమారు 67 కోట్ల వాటాలు. చూపిన నగదును వాటాలతో భాగించిన ఒక్కొక్క వాటాకు ఎనుబది రూపాయల వరకు వచ్చును. అనగా గ్రాహము పాఠములు శ్రద్ధగా చదివి, ఏ పుకార్లును నమ్మక, కేవలము లెక్క చూచి కొనునట్టి జాగ్రత్తపరుడు, "179 రూపాయల షేరులో ఎనుబది రూపాయలు బ్యాంకులోనే ఉన్నవి, వ్యాపారము నాకు తొంబది తొమ్మిదికే వచ్చుచున్నది" అని సంతోషించియుండును. నిజముగా ఉన్న నగదు వాటాకు ఐదు రూపాయలైనను లేదు. ఆశపోతు మోసపోవుటలో వింత లేదు. ఇచ్చట వివేకియు మోసపోయెను, అదియు తన వివేకము చేతనే. ఎంత చక్కని త్రాసైనను రాళ్ళు దొంగవైనచో తూకము నిలువదు.

ఏడున్నర వేలకు పైగా బూటకపు ఇన్వాయిసులు పుట్టింపబడినవని సి.బి.ఐ. దర్యాప్తులో తేలినది. బ్యాంకు డిపాజిట్ల పత్రములు కల్పితములు. మా దుకాణములో ప్రతి యేడు లెక్కలు మూయునప్పుడు ఆడిటరుగారు బ్యాంకుకు తామే ఉత్తరము వ్రాసి, నిలువ ఎంతయో తమ చిరునామాకే తెప్పించుకొనెడివారు. మేము చూపిన పాసుపుస్తకమును ఆయన నమ్మెడివారు కాదు. "నామీద నమ్మకము లేదా అయ్యా?" అని యజమాని నొచ్చుకొన్నప్పుడు, "నమ్మకముండుట మీ అదృష్టము, చూచుట నా పని" అనెడివారు. చిన్న బట్టల కొట్టుకు జరిగిన ఆ మాత్రపు పరిశీలన ఐదువేల కోట్లకు సరిగా జరుగకపోవుట నాకు నేటికిని మింగుడుపడని విషయము.

ఈ సందర్భమున బసవేశ్వరుని భండారపు ఘట్టము నాకు జ్ఞప్తికి వచ్చును. బిజ్జలుని భండారమునకు ఆయన అధికారి. రాజుసొమ్మును జంగములకు ధారపోయుచున్నాడని గిట్టనివారు కొండెములు చెప్పిరి. రాజు అడిగెను. బసవేశ్వరుడు పెట్టెలు తెరపించి లెక్క చూచుకొమ్మనెను. లెక్క సరిపోయెను. ఇందలి మహిమను భక్తులు వేరుగా వర్ణింతురు, నేను కాదనను. కాని లెక్కలవానినగు నాకు కనబడునది అంతకుముందటి క్షణము. అడిగినవానికి ఆయన తన భక్తిని సాక్ష్యముగా చూపలేదు, తాను పెట్టిన అన్నమును సాక్ష్యముగా చూపలేదు. పెట్టె మూత తీసెను. దాసోహము ఎంత గొప్పదైనను అది లెక్కకు బదులు కాజాలదని ఆయన ఎరిగియుండెను.

రామలింగరాజు చేయూతతో 2005లో మొదలైన 108 అంబులెన్సు సేవ ఎందరి ప్రాణములు నిలిపినదో తెలుగునాట అందరికిని తెలియును. మా వీధిలోనే ఇద్దరు దానివలన బ్రదికిరి. ఆ మేలును నేను తక్కువచేయను, బ్రదికినవారు బ్రదికినట్లే. కాని ఆ మేలును తెచ్చి ఈ లెక్కలో జమవేయుట కుదురదు. అవి రెండు వేరు ఖాతాలు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము ఆయనను, మరి తొమ్మిదిమందిని దోషులుగా నిర్ణయించి ఏడేండ్ల శిక్ష విధించినది. తరువాతి నెలలో పై న్యాయస్థానము శిక్షను నిలిపి బెయిలు మంజూరు చేసినది.

ఇంత జరిగినను ఆ కంపెనీ మట్టిలో కలియలేదు. ప్రభుత్వము పాత బోర్డును తొలగించి కిరణ్ కార్ణిక్, దీపక్ పరేఖ్ మొదలగు వారిని నియమించినది. 2009 ఏప్రిల్‌లో వేలము జరిగినది. అప్పటికింకను నమ్మదగిన లెక్కలే లేవు. సవరించిన లెక్కలు వెలువడుటకు 2010 సెప్టెంబరు వరకు పట్టినది. కొనవచ్చిన ముగ్గురిలో ఒకరు వాటాకు 20 రూపాయలనిరి, ఒకరు 45 రూపాయల 90 పైసలనిరి, టెక్ మహీంద్రా 58 రూపాయలనెను. ఒకే వస్తువుకు, ఒకే దినమున, ఆరితేరినవారు కట్టిన వెలలివి! వారందరును కొనవచ్చినది దేనిని? పత్రములలోని కోట్లు గాలిలో పోయినవి. మిగిలినది వేలాది యువతీయువకులు రాత్రింబవళ్ళు చేయుచుండిన పని. యజమాని లెక్క అబద్ధమైనను వారి కాయకము అబద్ధము కాదు. ఆ ఏబది యెనిమిది రూపాయలు దాని వెల. 2013లో ఆ కంపెనీ టెక్ మహీంద్రాలో కలసిపోయినది.

ఇక 2008లో ఆ షేరును ఐదువందలకు అమ్మినవారి సంగతి. వారిలో పెండ్లికని అమ్మిన తల్లులుందురు, ఇల్లు కట్టుటకు అమ్మిన ఉద్యోగులుందురు. వారికి లోపలి సంగతి తెలియదు. వారి చేతికి వచ్చిన అధికధనము మరియొకరి నష్టమే అయినను, వారిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. తెలిసి అమ్మినవారి మాట వేరు. 2001లో వ్యవస్థాపక కుటుంబపు వాటా నూటికి ఇరువదియైదు పాళ్ళు. 2008 నాటికి అది తొమ్మిది పాళ్ళకు లోబడినది. లోపలి సంగతి తెలిసి ఆర్జించిన లాభమును వడ్డీతో చెల్లింపవలెనని 2014 జూలైలో సెబీ ఆదేశించినది. ఆ మొత్తముపై అప్పీళ్ళు నడచినవి. చట్టము తన పని తాను చేసికొనును. నేను అడుగునది అంతకంటె చిన్న ప్రశ్న. కోటానుకోట్ల ప్రశ్న కాదు, వేయి రూపాయల ప్రశ్న.

శరణుల కథలలో నులియ చందయ్య కథ మీరెరిగినదే. గడ్డి కోసి, త్రాడు పేని, అమ్మి, వచ్చిన దానితో జంగమార్చన చేయుట ఆయన కాయకము. ఒకనాడు గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారిపడినది. ఆయన పని ఆపలేదు. లింగమే వెంటబడివచ్చి, కడకు ఆయన త్రాటిని అమ్ముటకు పూనుకొన్నది. బసవేశ్వరుడు దానిని కొని, దాని వెలకు ఎన్నో రెట్లు ధనమిచ్చెను. చందయ్య అంగీకరింపలేదు. ఈ త్రాటి వెల ఇంతే, అంతకు మించినది నా కాయకము కాదనెను.

ఈ కథను చిన్ననాటినుండి వినుచున్నను, ఒక విషయము నాకు చాలకాలము తట్టలేదు. ఇచ్చట మోసమెక్కడిది? కొన్నవాడు పసివాడు కాడు, భండారాధికారి. ఇష్టపడి ఇచ్చెను. పుణ్యకార్యమునకే పోవునని తెలిసి ఇచ్చెను. అమ్మినది సాక్షాత్తు లింగము. నేటి బజారు భాషలో చెప్పవలెనన్న, ఇద్దరును ఒప్పుకొన్న వెలయే న్యాయమైన వెల. చందయ్య ఆ మాటను ఒప్పుకొనలేదు. కొనువాని ఒప్పుదల వలన వస్తువు విలువ పెరుగదని ఆయన భావము. త్రాటిని పేనినవాడు తాను. అందులో ఎంత గడ్డి, ఎంత పొద్దు ఉన్నదో తనకు తెలియును. తెలిసినవాడు తెలియనట్లుండి అధికము పుచ్చుకొనరాదు.

నన్ను కలతపెట్టినది ఈ కడపటి మాటయే. ఇక రసీదు కథ.

1994, 95 సంవత్సరములలో క్రొత్త ఇష్యూల వెల్లువ వచ్చినది. దరఖాస్తు ఫారములు కాలిబాటల మీద కట్టలుగా దొరకెడివి. నేనును ఒక కంపెనీలో పది రూపాయల షేర్లు రెండువందలు తీసికొంటిని. మెదకు జిల్లాలో కర్మాగారము కట్టుదుమని వారు ప్రాస్పెక్టసులో వ్రాసిరి. కొన్ని నెలలకు షేరు ముప్పది రూపాయలు దాటినది. ఆ వేసవిలో దుకాణపు బాకీ వసూలుకై ఆ ప్రాంతమునకు బస్సులో పోవుచు, కర్మాగారము చూచిపోదమని దిగితిని. ఒక బోర్డు ఉన్నది. చుట్టు ముళ్ళకంచె ఉన్నది. లోపల మేకలు మేయుచున్నవి. గొఱ్ఱెలకాపరినడుగగా, సంవత్సరముగా అట్లే ఉన్నదనెను.

సోమవారము ఉదయముననే బ్రోకరు వద్దకు పోయి ఉన్న షేర్లన్నిటిని ముప్పది యొక్క రూపాయలకు అమ్మివేసితిని. హైదరాబాదు స్టాక్ ఎక్స్ఛేంజి అప్పుడు కళకళలాడుచుండెను. 1943లో పుట్టిన ఆ సంస్థ 2007లో గుర్తింపు కోల్పోయినది. నాటికి షేర్లు కాగితములే. అమ్మువాడు ట్రాన్స్‌ఫరు ఫారముపై సంతకము చేసి షేరు పత్రములకు జతచేసి ఇచ్చెడివాడు. కొనువాని పేరు వ్రాయవలసిన గడి ఖాళీగా ఉండెడిది. అది ఎవరి చేతికి పోవునో వారు పూరించుకొందురు. దళారి కమిషను పోగా నాలుగువేల పై చిలుకు లాభము మిగిలినది. పదిహేను దినములకు బసవజయంతి. అందులో వేయిన్నొక్క రూపాయలు అన్నదాసోహమునకు సమర్పించి రసీదు పుచ్చుకొంటిని. రెండేండ్లు తిరుగక ముందే ఆ షేరును కొనువాడు లేకపోయెను.

నేను అబద్ధము చెప్పలేదు. చట్టమును మీరలేదు. కంపెనీ మనిషిని కాను. కొన్నవాడు తానును బస్సెక్కి పోయి చూడవచ్చును గదా అని మనస్సునకు సర్దిచెప్పుకొంటిని. అది కొంతవరకు నిజమే. స్వయముగా తిరిగి, విచారించి, తెలిసికొనినవానికి ఆ శ్రమకు ఫలమేమియు ఉండరాదన్నచో ఎవడును విచారింపడు, బజారులో వెలలు ఎన్నటికిని నిజమునకు దగ్గర కావు. నేను అమ్మినందువలననే ఆ షేరు వెల కొంతైనను దిగియుండును. ఈ వాదమును నేటికిని పూర్తిగా త్రోసివేయలేను. చవకగా ఉన్న మంచి షేరును కనిపెట్టి కొనువాని విషయమున అది చెల్లుననియే నా అభిప్రాయము. అమ్మువాడు తన అవసరమునకు అమ్మెను, వస్తువు నిలిచియున్నది, మఱునాడు అతడును తిరిగి కొనవచ్చును. కాని లేని వస్తువును ఉన్నదని నమ్మువాని చేతిలో పెట్టి ఇవతలకు వచ్చుట అట్టిది కాదు. ఆ కొనువాడు జనరల్ బజారులో నా బల్లకు ఎదురుగా కూర్చుండి, "గుమాస్తాగారూ, మీరు చూచివచ్చితిరట, ఎట్లున్నది?" అని అడిగియున్నచో, నేను ఆ ఫారముపై సంతకము చేయగలిగియుందునా? చేయలేను. అతని ముఖము కనబడకపోవుటయే నాకు ధైర్యమిచ్చినది.

నేటి పిల్లలకు ఫారములు లేవు, గడులు లేవు. 1996 తరువాత వాటాలు డిపాజిటరీ ఖాతాలలోనికి మారినవి. అరచేతిలోని ఫోనుపై వ్రేలితో తాకిన చాలును. ఎదుటివాని ముఖము మునుపటికంటె దూరమైనది. ఇక ఫ్యూచర్లు, ఆప్షన్లనబడు పందెముల మాట చెప్పనక్కరలేదు. 2021–22 నుండి మూడు సంవత్సరములలో అందులో దిగిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరనియు, ఆ నష్టము మొత్తము లక్షా ఎనుబదివేల కోట్ల రూపాయలు దాటినదనియు 2024 సెప్టెంబరులో సెబీ తెలిపినది. అందు మగ్గము లేదు, మలిగె లేదు, మేకల దొడ్డి సైతము లేదు. ఒకరి లాభము ఆ దినముననే మరియొకరి నష్టము. ఆ ధనము మఠమునకు తేవలదని ఆ యువకునికి నేను నిక్కచ్చిగా చెప్పుదును.

అతడు తన లాభాంశములను నిశ్చింతగా సమర్పింపవచ్చును. ఏండ్ల తరబడి ఉంచుకొన్న మంచి కంపెనీ వాటా దాని పనితోపాటు పెరిగినచో, ఆ పెరుగుదలలోను దోషము కనబడదు. తక్కిన దానిని ఒక్కొక్కటిగా తానే విడదీసికొనవలెను. ఐదక్కి మారయ్య ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ బియ్యము ఏరి తెచ్చినప్పుడు, ఇంత ఎందుకు తెచ్చితివని నిలదీసి తిరిగి పోసిరమ్మని పంపినది లక్కమ్మ. ఆ యింట ఆ పని నాయనమ్మగారు చేసిరి. ఆమె లెక్క పూర్తిగా సరి కాకపోవచ్చును. ఆమె అడ్డుపడుట మాత్రము సరియైనదే. నేను నవ్వి త్రోసివేసి ఉండరాదు.

సత్యము గొడవ బయటపడిన తరువాత, 2009లో, నేను మఠమునకు పోయి ఒక వృద్ధ జంగమునకు నా రసీదు సంగతి విన్నవించితిని. ప్రాయశ్చిత్తమేదో చెప్పుదురనుకొంటిని. ఆయన సాంతము విని, "అతని పేరేమి?" అని అడిగిరి. "ఎవరి పేరు స్వామీ?" అంటిని. "కొన్నవానిది." తెలియదంటిని, గడి ఖాళీగా ఉండెనంటిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "అయితే ఆనాటి అన్నము పెట్టినది నీవు కావు, అతడు" అని లోపలికి వెళ్ళిపోయిరి.

ఇంటికి వచ్చి నా సొంత ఆవర్జాలో ఒక క్రొత్త పుట తెరచితిని. నాలుగువేల చిల్లర జమ వ్రాసి, 1995 నుండి వడ్డీ కట్టితిని. ఏటేట బసవజయంతికి అందులోనుండి కొంత తీసి అన్నదాసోహమునకు కట్టుచున్నాను. మఠములో గుమాస్తాలు మారుచుందురు. క్రొత్తగా వచ్చినవాడు రసీదు పుస్తకము తెరచి, ఎవరి పేరున వ్రాయవలెనని అడుగును. ఆ గడి ఖాళీగా విడువుమందును.